నువ్వు ఎవరి మనిషివి?

ఫెంగ్‌షీ, చావ్‌జౌ
1996 మార్చి 4

ఖెంగ్ పిన్నికి,

తెరేజా నమస్కారాలు. క్షేమంగా చేరాను. ఫోను చెయ్యమన్నావు, చేశాను. గొంతు గరగరమంటోందని విసుక్కుని నువ్వే పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని తిట్టకు, ఈ పోర్చుగీసు పిల్లని పెంచి చైనా రాత నేర్పింది నువ్వే.

నువ్వు చెప్పిన పింగాణీ బట్టీ దొరికింది. ఊరికి పడమట, వాగు పక్కన, ఎర్ర ఇటుకల పొగగొట్టం. యజమాని పేరు తాన్ బూన్‌హియోంగ్. అరవై దాటాయి. మీ ఇంటిపేరే అనుకో, కానీ ఈ ఊళ్లో రాయి విసిరితే తాన్‌లకే తగులుతుంది. నేను ఆయన్ని పెదనాన్నా అంటున్నాను. ఆయన నన్ను ఏమీ అనడం లేదు.

నా భయం నీకు తెలుసు. నాన్న పోయాక ఆయన ఇల్లు అమ్మి ఈ వాష్ బేసిన్ల వ్యాపారంలో పెట్టాను. ఇంకో నాలుగేళ్లలోపే మకావ్ చైనా చేతికి వెళ్లిపోతుంది. మా పోర్చుగీసు వాళ్లంతా మూటలు సర్దుకుని లిస్బన్ పోతున్నారు. అక్కడ నాకెవరున్నారు? ఆ ఊరు వెళ్లినప్పుడల్లా నాకు జలుబు చేసింది. ఇక్కడ చైనాలోనే ఉండాలంటే ఇక్కడి బట్టీదారుతో పొత్తు సంతకం కావాలి. ఏడాది చివరికల్లా అది కుదరకపోతే నా పర్మిట్ రద్దవుతుంది, నేను లిస్బన్ విమానం ఎక్కుతాను.

ఇప్పుడొక సంగతి చెప్పు. మొన్న బట్టీ గదిలో నలుగురం టీకి కూర్చున్నాం. ట్రేలో మూడే కప్పులున్నాయి. పాపం ఒకటి పగిలిపోయిందేమో అనుకుని, మర్నాడు బజారుకెళ్లి అలాంటిదే మంచి కప్పు కొని, ఎర్ర కాగితంలో చుట్టి ఆయన చేతికిచ్చాను. గదిలో ఒకాయన దగ్గొచ్చినట్టు నటించి బయటికి పోయాడు. నేనేం చేశాను పిన్నీ?

నీ తెరేజా


మకావ్
మార్చి 19

తెలివితేటలకు పుట్టిల్లైన తెరేజాకి,

నీ ఉత్తరం చదివి పడిపడి నవ్వాను. పక్కింటావిడ కంగారుపడి తలుపు కొట్టింది. పింగాణీ బట్టీకి కప్పు బహుమానంగా తీసుకెళ్లినదానివి నువ్వొక్కదానివే అయ్యుంటావు. ఈసారి చేపల రేవుకి రెండు చేపలు పట్టుకెళ్లు.

పిచ్చిదానా, నలుగురైనా మూడు కప్పులే, పదిమందైనా మూడు కప్పులే. ఒకరు "మీరు కానివ్వండి" అంటారు, ఇంకొకరు "అబ్బే, ముందు మీరు" అంటారు. ఎవడు ముందే చెయ్యి చాస్తాడో, ఎవడు పక్కవాడికి జరుపుతాడో ఇంటాయన ఓ కంట చూసుకుంటాడు. నువ్వెళ్లి ఆ చూసేదానికి అడ్డం పడ్డావు. మా ఇంట్లో తాగేది మనిద్దరమే కనక నీకిది చెప్పాల్సిన పని పడలేదు. ఇకనుంచి కప్పు నీ ముందుకొస్తే పక్కాయన వైపు జరుపు. మరీ బలవంతం చేస్తేనే తాగు.

అక్కడ నా పేరెత్తకు. మకావ్ నుంచి వచ్చామంటే జూదగాళ్లనుకుంటారు. ఎవరడిగినా భాష ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నానని చెప్పు, చాలు.

ఆ తాన్ ముసలాయన ఇంకా చుట్టలు తాగుతున్నాడా? బట్టీ వాళ్లకి దగ్గులెక్కువ, అందుకని అడిగాను.

పిన్ని


ఫెంగ్‌షీ
జూన్ 24

పిన్నీ,

కప్పులు జరపడం నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను గనక టీ చుక్క నోట్లో పడక గంటలు గంటలు కూర్చుంటున్నాను. అయినా పెదనాన్న మొహంలో కాస్త నవ్వు కనిపించింది. నా నమూనా బేసిన్లు కాల్చడానికి ఒప్పుకున్నారు. పొత్తు మాటెత్తితే మాత్రం "చూద్దాం" అంటారు. ఈ ఊళ్లో చూద్దాం అంటే ఏమిటో నీకు తెలుసుగా.

పడవల పండక్కి వాళ్లింటికి బుట్ట పట్టుకెళ్లాను. ఎండు సాసేజీలు, వైను సీసాలు, బిస్కెట్ల డబ్బాలు. పెద్దమ్మ లోపలికి తీసుకెళ్లి, సగం ఉంచుకుని, సగం నా బుట్టలోనే పెట్టి, పైన నారింజలు రెండు వేసి తిరిగిచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. నా సాసేజీలు అంత చేదయ్యాయా? సాయంత్రం మళ్లీ తీసుకెళ్లి, "ఇవన్నీ మీకే" అని గుమ్మంలో పెట్టి వచ్చేశాను. పొద్దున్నే పెద్దమ్మ మా గుమ్మంలో ఉంది, బుట్టలో మళ్లీ సగం, ఈసారి కందగడ్డలు కూడా. ఆ బుట్ట వాగు దాటుతూనే ఉంది పిన్నీ. చివరికి అలిసిపోయి నేనే ఆగాను.

ఆ రోజే పెదనాన్న అడిగారు, "ఇంతకీ నువ్వు ఎవరి మనిషివమ్మా?" అని.

"నేనెవరి మనిషినీ కాదు పెదనాన్నా, నా కాళ్ల మీద నేను నిలబడ్డాను" అన్నాను. గొప్ప జవాబు చెప్పాననుకున్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "అయ్యో పాపం" అన్నారు.

చుట్టలు మానేశారట, దగ్గు మాత్రం పోలేదు. చుట్టలని నీకెలా తెలుసు?

తెరేజా


మకావ్
జూలై 8

తెరేజాకి,

మర్యాద చేస్తే దెబ్బలాటకి వెళ్లావు, శభాష్! తెచ్చినవన్నీ ఉంచుకుంటే ఆశపోతులంటారు, ఖాళీ బుట్ట పంపితే అరిష్టం. అందుకని ఆవిడ సగం పెట్టి పంపింది. నువ్వు నారింజలు తీసుకుని, తలూపి, ఇంటికెళ్లి తినాల్సింది. ఆ మహాతల్లికి ఎంత ఓపిక, కందగడ్డలు కూడా పెట్టింది!

ఇక నీ గొప్ప జవాబు. ఒంటరిగా నిలబడ్డానని అక్కడ చెప్పుకోకూడదు తల్లీ. రేపు నీ మూలంగా నష్టమొస్తే ఎవరింటి గుమ్మంలో కూర్చుని అరవాలో వాళ్లకి తెలియాలి. ఫలానా వాళ్ల మనిషినంటే ఆ ఫలానా వాళ్ల పరువు నీకు హామీ. ఎవరూ లేరన్నావు, దిక్కులేని పిల్లవనుకుని జాలిపడ్డాడు.

చుట్టల సంగతి ఊహించి రాశాను. ఆ వయసు వాళ్లు తాగకేం చేస్తారు? ప్రతిదానికీ ఆరా తియ్యకు.

పిన్ని


ఫెంగ్‌షీ
ఆగస్టు 30

పిన్నీ,

అంతా అయిపోయింది. నా నోరే నా కొంప ముంచింది.

మొదటి విడత బేసిన్లు బట్టీలోంచి దింపారు. పనివాళ్లంతా అక్కడే ఉన్నారు, ఎవరో పక్క బట్టీ యజమాని కూడా చూడ్డానికి వచ్చాడు. ఒకటి ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తే పూత నిండా సూదిబెజ్జాలు. ఇంకోటి తీశాను, అదీ అంతే. "ఇవి పనికిరావు పెదనాన్నా, ఒక్కటీ పనికిరాదు, పూత తగలేశారు" అనేశాను, అందరి ముందూ. నిజమే చెప్పాను కదా? ఆయన చేతులు తుడుచుకుని లోపలికెళ్లిపోయారు. పక్క బట్టీ ఆయన ముసిముసిగా నవ్వాడు.

అప్పట్నుంచి రోజూ వెళుతున్నాను. కూర్చోమంటారు, టీ పోస్తారు. ఆకు మార్చరు. పొద్దుట్నుంచి మరిగిన ఆకులోనే నీళ్లు పోసి ఇస్తారు, తెల్లగా కడుగునీళ్లలా ఉంటుంది. నువ్విక లేచి వెళ్లొచ్చు అని దానర్థమని ఈపాటికి నాకు తెలుసు. సిగ్గు లేకుండా తాగి కూర్చుంటున్నాను.

మిగిలిన బట్టీ వాళ్లు నన్ను చూస్తే పక్కకి తిరుగుతున్నారు. తాన్ పెద్దాయన్ని అవమానించిన పిల్లతో పొత్తుకి ఎవరొస్తారు? రాత్రి లిస్బన్ టికెట్ రేట్లు కనుక్కున్నాను. ఏడుపొచ్చింది. నాకక్కడికి వెళ్లాలని లేదు పిన్నీ.

తెరేజా


మకావ్
సెప్టెంబర్ 9

తెరేజా,

ఏడుపు ఆపు. టికెట్ల గొడవ మానెయ్.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. ఆ ముసలాయన బాధా అదే. బెజ్జాలున్నాయని ఆయనకి నీకంటే ముందే తెలుసు. పక్క బట్టీవాడు నవ్వాడు చూడు, అది గుచ్చుకుంది. ఇప్పుడాయన మేడెక్కి కూర్చున్నాడు, దిగాలని ఉంది, మెట్లు లేవు. ఆ మెట్టు నువ్వే వెయ్యాలి.

క్షమించమని ఏడవకు, అప్పుడు తప్పు మాట మళ్లీ బయటికొస్తుంది. నువ్వు బేసిన్ బొమ్మ గీసిన కాగితం పట్టుకెళ్లు. పనివాళ్లందరూ ఉన్నప్పుడే వెళ్లు. అంచు మరీ పల్చగా గీశాననీ, దాంతో పూత నిలవలేదనీ, ఎలా గియ్యాలో చెప్పమనీ అడుగు. తిడతాడు. తిట్టనీ. ఎంతసేపు తిడితే అంత మంచిది. మధ్యలో నోరు విప్పావో, నువ్వు నా దగ్గర పెరగనట్టే.

అబద్ధం కదా అని అడుగుతావు, నాకు తెలుసు. అబద్ధమే. పెళ్లికూతురు చక్కగా ఉందని అందరూ అంటారు, అదీ అలాంటిదే.

కొత్త ఆకు వేసి టీ పోశాడో లేదో వెంటనే రాయి. ఆ దగ్గుకి తేనెలో నానేసిన కుంక్వాట్ కాయలు, ఆ చిట్టి నారింజలు, మంచివని పెద్దమ్మతో అను. నీకు నువ్వే చెప్పినట్టు చెప్పు.

పిన్ని


ఫెంగ్‌షీ
అక్టోబర్ 21

నా దొంగ పిన్నికి,

ముందు శుభవార్త. బొమ్మ పట్టుకెళ్లాను. ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, చూసి, అప్పుడు మొదలుపెట్టారు. "చూశార్రా! మట్టి ముట్టుకోని వాళ్లు బొమ్మలేస్తే ఇలాగే ఏడుస్తుంది! అంచా ఇది? ఉల్లిపొరా? నీ దేశంలో దీన్ని బేసిన్ అంటారా, విసనకర్ర అంటారా?" అని ఉతికి ఆరేశారు. నేను తల దించుకుని నిలబడ్డాను. పనివాళ్లకి మంచి కాలక్షేపం. మర్నాడు పూత మార్చారు, మంట తగ్గించి నెమ్మదిగా కాల్చారు, నా అంచు మాత్రం గీసినట్టే ఉంచేశారు! పాత బేసిన్లన్నీ స్వయంగా సుత్తితో పగలగొట్టారు. కొత్తవి వెన్నలా వచ్చాయి. తాజా ఆకు వేసి టీ పోశారు. పక్కాయనకి జరిపితే, "తాగు, తాగు, గొంతెండిపోయింది" అని నా చేతికే ఇచ్చారు.

ఇప్పుడు నీ సంగతికొద్దాం.

నిన్న సరుకు పెట్టెలకెత్తుతున్నాం. ఒక పనివాడు బేసిన్ జార్చాడు, వెన్నలాంటిది, ముక్కలైంది. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు నేను నీ గిన్నెలు జార్చినప్పుడు నువ్వు తిట్టేదానివే, అదే నోట్లోంచి వచ్చేసింది. "నీ చేతులు బాతులు పొడవ! అవి చేతులా, తెడ్లా!"

పనివాళ్లు నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. చేతిలో గోనె అలాగే పట్టుకుని నిలబడిపోయారు. నన్ను పక్కకి పిలిచి, "ఆ తిట్టు మా అమ్మది. ఈ ఊళ్లో ఇంకెవరూ అలా తిట్టరు" అన్నారు.

నీకిచ్చిన మాట దాటలేదు. ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నానన్నాను.

ఆయన గోనె మడతపెట్టారు. మళ్లీ విప్పారు. "ఆ నేర్పినావిడ బతికుందా?" అన్నారు. బాగుందా అని కాదు పిన్నీ, బతికుందా అని. తలూపాను. ఆ తర్వాత ఆయన బట్టీ వెనక్కెళ్లి చాలాసేపు రాలేదు. పెద్దమ్మే నాకు మిగతాది చెప్పింది.

ఊళ్లో ఇన్ని బట్టీలుండగా నన్ను సూటిగా దానికే ఎందుకు పంపావు? చుట్టలు, దగ్గు, కుంక్వాట్ కాయలు! ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నాకు రచ్చ గెలవడం నేర్పావు, మరి నీ ఇంటి సంగతేమిటి?

తెరేజా


మకావ్
నవంబర్ 6

తెరేజా,

అవును, అతను నా తోడబుట్టినవాడు. చాలా? ఆరా తియ్యకు అని చెప్పానా లేదా?

మా నాన్న పోయాక ఇంటికి పెద్ద అతనే. నా ఇరవయ్యో ఏట ఓ కుమ్మరి ఇంటికి నన్నిస్తానని మాటిచ్చాడు. నన్ను అడగలేదు. నేను మీ హో బాబాయ్‌ని చేసుకుంటానన్నాను. పడవల ఇంజన్లు బాగుచేసేవాడికా అన్నాడు. చేపల పడవెక్కి మకావ్ వచ్చేశాను. మాట తప్పిన ఇల్లని ఊరంతా అతన్ని చూసి నవ్వింది. నాకు చెల్లెలు లేదని నలుగురిలో అన్నాడట. లేనిదాన్ని కదా, లేనట్టే ఉన్నాను. ఆ రోజుల్లో ఉత్తరాలు అటూ ఇటూ పోవడం కష్టం. తర్వాత సరిహద్దు దారులు తెరిచారు. నేను రాయలేదు, అతనూ రాయలేదు. అమ్మ పోయిందని నాకు వేరే ఊరివాళ్లు చెప్పారు. ఆ రోజు హో బాబాయ్ అన్నం వండాడు, నేను తినలేదు.

నాది తప్పంటే ఒప్పుకోను. బతికున్నన్నాళ్లూ మీ బాబాయ్ బంగారం లాంటి మనిషి, నీకూ తెలుసు.

నిన్నక్కడికి ఎందుకు పంపానంటావా? ఆ బట్టీలో మట్టి మంచిది, అందుకు. అతనెలా ఉన్నాడో తెలుసుకుందామని కాదు. సరే, కొంచెం అందుకు కూడా.

ఇక ఈ మాట కట్టిపెట్టు. నీ పొత్తు సంతకం చేయించుకుని పని చూసుకో. నన్ను ఇందులోకి లాగకు. నేను అక్కడికి రాను, నువ్వు మళ్లీ అడగవు.

పిన్ని


ఫెంగ్‌షీ
డిసెంబర్ 5

పిన్నీ,

నేను అడగడం లేదు. జరిగింది చెబుతున్నాను, కోప్పడకు.

నిన్న సంతకాల రోజు. పరిశ్రమల ఆఫీసు నుంచి గుమాస్తా వచ్చాడు, కాగితాలు పరిచాం, నేను సంతకం పెట్టాను. పెద్దమ్మ నూడిల్స్ చేసింది. పెదనాన్న ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, కాగితం దాకా తీసుకొచ్చి ఆగిపోయారు.

"మధ్యవర్తి ఏడీ?" అన్నారు.

గుమాస్తా తెల్లబోయాడు. "మధ్యవర్తి ఎందుకండీ? అలాంటి నియమం లేదు."

"మీ ఆఫీసులో లేదేమో, మా ఇంట్లో ఉంది. ఈ పిల్ల ఎవరి మనిషో ఆ మనిషి వచ్చి ఇక్కడ కూర్చోవాలి. కూర్చుంటేనే ముద్ర."

"రాలేకపోతే?" అన్నాను.

"రాకపోతే లేదు" అని ముద్ర తుడిచి జేబులో వేసుకున్నారు. గుమాస్తా, నెలాఖరులోగా కాగితం అందకపోతే పర్మిట్ తన చేతుల్లో లేదని చెప్పి, నూడిల్స్ తిని వెళ్లాడు.

నాకు కోపమొచ్చింది. ఇన్ని నెలలు కప్పులు జరిపాను, తిట్లు తిన్నాను, ఇప్పుడీ కొత్త నియమం ఏమిటి? అడిగేశాను. "ఎవరినో పిలవాలనుకుంటే మీరే ఒక ముక్క రాయొచ్చుగా పెదనాన్నా?"

"నేనెవర్నీ పిలవడం లేదు. నియమం చెప్పానంతే" అన్నారు. తర్వాత గుమ్మం దాకా వచ్చి, ఎటో చూస్తూ, "ముందు గదిలో తేమెక్కువ, చలికాలం ముసలివాళ్లకి పడదు. వెనక గదికి సున్నం వేయిస్తున్నాను" అన్నారు. ఎవరికోసమని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పిన్నీ, నాకు భయంగా ఉంది. పర్మిట్ పోతుందని ఒక భయం. ఇది నీ మీద ఒత్తిడి పెట్టినట్టవుతుందని ఇంకో భయం. నువ్వు రాకపోయినా నీ మీద నాకు ప్రేమ తగ్గదు. నన్ను పెంచింది నువ్వు.

తెరేజా


మకావ్
డిసెంబర్ 14

తెరేజాకి,

మా ఇంట్లో నియమమట! ఎవరికి చెబుతున్నాడు? ఆ బట్టీ నడిపిన రోజుల్లో మా నాన్న ఎన్ని ఒప్పందాలు చేశాడో, ఒక్కదానికైనా మధ్యవర్తిని కూర్చోబెట్టాడేమో కనుక్కో. ఆ ఇంటి నియమాలు నాకు తెలియవా? పచ్చి అబద్ధం. ఇలాంటి అబద్ధం అల్లడానికి అతనికి ఎన్ని రాత్రులు పట్టిందో. చిన్నప్పుడు కూడా అబద్ధమాడితే ఎటో చూసేవాడు.

నీ ఉత్తరం మూడు రోజులు బియ్యం డబ్బా మీద పెట్టి దాని చుట్టూ తిరిగాను. రానని రాద్దామని కూర్చుని, పెన్నులో సిరా లేదని లేచాను. సిరా ఉంది. పక్కింటావిడకి చదివి వినిపిస్తే, "ఇంకా కూర్చున్నావా?" అంది. అమ్మవారి గుడికెళ్లి అడిగితే అమ్మవారు కూడా అదే అన్నట్టనిపించింది.

ఇరవయ్యో తారీఖు బస్సుకి వస్తున్నాను. నీ కోసం వస్తున్నానని అతనికి గట్టిగా చెప్పు. నువ్వు లిస్బన్ వెళ్లిపోతే ఈ ముసలిదానికి ఉత్తరాలు రాసి నవ్వించేవాళ్లు లేరు, అందుకు. మధ్యవర్తిగా కూర్చుంటాను, ముద్ర పడగానే లేస్తాను. అలా అని చెప్పు. నమ్మినట్టు కనిపిస్తాడు.

తల్లీ, ఇన్నేళ్ల తర్వాత మొహం గుర్తుపడతానో లేదో, గుర్తుపడితే ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

ఒక పని చెయ్యి. ఇరవయ్యో తారీఖు నీకు జ్వరం రావాలి. లేవలేనంత జ్వరం. బస్టాండుకి నువ్వు రాకూడదు, పెద్దమ్మనీ రానివ్వకు, ఆవిడ నీకు గంజి కాస్తూ ఉండాలి.

మా అన్నయ్యని పంపు.

పిన్ని